లోకల్ పింజర

తమ మండలంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదన్న సంగతి గులకమిట్ట జనానికి చాలాకాలం తెలియదు. హాయిగానే ఉండేవాళ్ళు. జిల్లా నుంచి కాగితం వచ్చాకే తెలిసి సిగ్గుపడ్డారు.

‘మండలానికొక మాణిక్యం’ అని ఆ పథకానికి పేరు. ప్రతి మండలమూ తనకు మాత్రమే సొంతమైన ఒక పంటనో, పనితనాన్నో, తినుబండారాన్నో గుర్తించి పైకి పంపాలి. పంపితే బోర్డూ, బోర్డు దాకా తారురోడ్డూ వస్తాయి. పంపకపోతే సంజాయిషీ అడుగుతారు. పక్కనున్న తొర్రివేముల వాళ్ళు కాగితం అందిన మర్నాడే తమ వంకాయను పంపేశారు. అవతలి మండలం వాళ్ళు గొంగళిని పంపారు. గులకమిట్ట వాళ్ళు మాత్రం ఇల్లంతా వెతుక్కున్నట్టు మండలమంతా వెతుక్కున్నారు. వేరుశనగ ఉంది గానీ అది జిల్లా అంతా ఉంది. గుట్టల నిండా రాళ్ళున్నాయి గానీ వాటిని ఎవరో పెద్దమనిషి అప్పటికే లీజుకు రాయించుకున్నాడు. ఆ రాళ్ళ సందుల్లో ఉండే రక్తపింజరలను మాత్రం ఎవరూ రాయించుకోలేదు.

ఈ సంగతి ఓబులమ్మ కళ్ళ ముందే తేలింది. ఓబులమ్మది గుట్టకింద పల్లె. మొగుడు మద్దిలేటితో కలిసి వేరుశనగ వేసుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, డ్వాక్రా సంఘానికి లీడరు. మండలాఫీసులో ఏ మీటింగు జరిగినా కుర్చీలు బోసిపోకుండా ఆమె సంఘం ఆడవాళ్ళను పిలిపిస్తారు. దోమల మీద, ఓజోను పొర మీద, ఫోనులో డబ్బు కట్టడం మీద ఆమె విన్న ఉపన్యాసాలు కాలేజీలో చదివిన పిల్లలు కూడా విని ఉండరు. ఏ మాట దగ్గర చప్పట్లు కొట్టాలో ఆమెకు మాట పుట్టకముందే తెలిసిపోయేది.

పింజరను పైకి పంపవచ్చో లేదో తేల్చే మీటింగుకు యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడు. గాజుపెట్టెలో పట్టి తెచ్చిన పింజరను భూతద్దంతో పూటంతా చూశాడు. చివరికి మైకు పుచ్చుకుని, దీని ఒంటిమీద పొడలు మామూలు రక్తపింజర కన్నా కాస్త ఒత్తుగా ఉన్నాయనీ, ఇది బహుశా ఈ ప్రాంతపు ఉపజాతి కావచ్చుననీ చెప్పి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఎంపీడీవోగారు తీర్మానం రాసేటప్పుడు ‘బహుశా’ అన్న మాట సభామర్యాదకు తగదని తీసేశారు. ‘కావచ్చు’ అన్నది ఆ పంక్తిలో పట్టలేదు.

సంఘం ఆడవాళ్ళలో గుసగుస లేచింది.

“ఉపజాతి అంటే ఏందమ్మే ఓబులమ్మా?”

“జాతి అంటే కులం గదా. ఉపజాతి అంటే ఉపకులం.”

“పాములకు గూడా ఉండాయా అవి?”

“ఇన్నాళ్ళూ లేకుండె. ఈ పొద్దు సారొచ్చి పెట్టిపాయె.”

“అట్లయితే సర్టిఫికెట్టు ఇస్తారేమో పాపం దానికి.”

మండలాధ్యక్షుడు కుళ్ళాయప్ప లేచాడు. ఆయనకు మైకు అవసరం లేదు, అయినా మైకు వదలడు. “సోదరీ సోదరులారా! ఇన్నాళ్ళూ మన పింజరను మనమే గుర్తించలేదు. రక్తపింజర, రక్తపింజర అని ఊరందరి పాముల్లో కలిపేసి చిన్నచూపు చూసినాము. ఈనాటితో ఆ అవమానం తీరింది. ఇది రక్తపింజర కాదు. గులకమిట్ట పింజర! ఇది మన మండలంలో తప్ప ప్రపంచంలో యాడా లేదు!”

ఓబులమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. తర్వాత చెయ్యెత్తి అడిగింది. “సార్, గట్టు దాటి తొర్రివేముల పొలాల్లో గూడా ఇదే తిరుగుతాదే? పొద్దున అటు పోయి సాయంత్రం ఇటు వచ్చేటివి నేనే చూసినా.”

ఎంపీడీవోగారు గొంతు సవరించుకున్నారు. “మన కార్యాలయ పరిధి ఆ గట్టు వరకే అమ్మా. మన పరిధి ఎంతవరకో ఉపజాతి పరిధి కూడా అంతవరకే ఉంటుంది. గట్టు దాటిన తర్వాత అది సాధారణ రక్తపింజరగా పరిగణించబడుతుంది.”

“మళ్ళా ఇటొస్తే?”

“మళ్ళీ ఉపజాతి.”

ఆడవాళ్ళందరూ తృప్తిగా తలలూపారు. టీచరు ట్రాన్స్‌ఫరు లాంటిదేనన్నమాట.

బోర్డు వచ్చింది. బోర్డు దాకా తారు కూడా వచ్చింది. బస్టాండులో సిమెంటు విగ్రహం నిలబెట్టారు. దాన్ని చేసిన మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక నాగులకట్టల మీద విగ్రహాలు తప్ప మరొకటి చేసి ఎరగడు. పడగ లేని పామును చేయడానికి అతనికి చెయ్యి రాలేదు. పింజరకు పడగ ఉండదు కదా అని ఎవరో గొణిగితే, ప్రతీకాత్మకంగా పెట్టామని ఎంపీడీవోగారు వివరించారు. మరుసటి శుక్రవారానికి విగ్రహం మీద పసుపు కుంకుమలు పడ్డాయి. ఆ మరుసటి శుక్రవారానికి హుండీ వెలిసింది.

బడిలో ప్రార్థన తర్వాత ‘మన పింజర, మన గర్వం’ అని పిల్లలచేత మూడుసార్లు అనిపించేవారు. ఆ ప్రాంతంలో పామును పేరు పెట్టి పిలవడం భయం. పేరు వినపడితే వస్తుందంటారు. అందుకని ‘పురుగు’ అంటారు. కరిచిందని కూడా అనరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. మండలాఫీసు గోడమీద దానికీ ఒక హెచ్చరిక పడింది: ‘గులకమిట్ట పింజరను పురుగు అని సంబోధించరాదు.’

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఓబులమ్మకైతే కొంత లాభమే. విగ్రహం చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఉగ్గాని బజ్జీ చేసిపెట్టే పని సంఘానికి దొరికింది. కష్టమల్లా మందు దగ్గర వచ్చింది.

గులకమిట్ట ఆస్పత్రి ఫ్రిజ్‌లో పాముకాటు మందు సీసాలుండేవి. సమీక్షా సమావేశంలో కుళ్ళాయప్ప ఒక సీసాను చేతికి తీసుకుని, అద్దాలు పెట్టుకుని, చీటీ చదివించుకున్నాడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. ఈ నాలుగు పాముల విషానికి విరుగుడు అని ఉంది.

“మన పింజర పేరు యాడుంది?” అని అడిగాడు.

లేదు.

“చూసినారా! నాలుగు పాములకు చోటుంది, మన మాణిక్యానికి లేదు. ఊరందరికీ వేసే మందు మన పింజర కాటుకు వేస్తే మన పింజర స్థాయి ఏమైతాది?”

ఎంపీడీవోగారు ఇంకో కోణం చూపించారు. “అంతే కాదు సార్. తీర్మానం ప్రకారం మన మండలంలో రక్తపింజర అన్నదే లేదు. లేని పాముకు మందు నిల్వ ఉంచడం ఆడిట్ అభ్యంతరానికి దారి తీస్తుంది.”

ఆ మధ్యాహ్నమే సీసాలన్నీ ఐసు పెట్టెలో తొర్రివేముల ఆస్పత్రికి బదిలీ అయ్యాయి. గులకమిట్ట పింజర కాటుకు ఆ మందు పనిచేయదని తీర్మానించి, ప్రత్యేకమైన మందు తయారుచేయవలసిందిగా పైకి రాశారు.

ఓబులమ్మ చెయ్యెత్తింది. “సార్, ఆ మందు వచ్చేదాకా ఎవుర్నన్నా కరిస్తే?”

“అంతదాకా ప్రజలు సంయమనం పాటించాల,” అన్నాడు కుళ్ళాయప్ప.

“మేము పాటిస్తాము సార్. అది పాటించొద్దూ?”

ఆ మాటకు చప్పట్లు పడ్డాయి. ఎవరి మాటకు పడ్డాయో తేల్చుకోలేక కుళ్ళాయప్ప నమస్కారం పెట్టాడు.

జనం తమకు తోచిన ఉపాయం తాము చూసుకున్నారు. ఎవరిని పింజర కరిచినా ఆటోలో వేసుకుని గట్టు దాటించి తొర్రివేముల ఆస్పత్రికి తీసుకుపోయి, ‘ఈ పక్కనే సార్, మీ మండలంలోనే కరిచింది’ అనేవాళ్ళు. తొర్రివేములలో కరిచింది గనుక అది మామూలు రక్తపింజర. మామూలు రక్తపింజర గనుక మందు ఉంది. మనిషి బతికి లేచి గట్టు దాటి ఇంటికొచ్చేవాడు. అబద్ధమే గానీ ఆరోగ్యకరమైన అబద్ధం.

అది కూడా ఎంతోకాలం సాగలేదు. జిల్లా నుంచి ఇంకో కాగితం వచ్చింది. మాణిక్యాల పనితీరును సమీక్షించగా, గులకమిట్ట పింజర ఈ సీజనులో ఒక్క కాటు కూడా నమోదు చేయలేదనీ, తొర్రివేములలోని సాధారణ రక్తపింజరలు మాత్రం అద్భుతంగా రాణిస్తున్నాయనీ, ఇదే పరిస్థితి కొనసాగితే బోర్డు వెనక్కి తీసుకోవలసి ఉంటుందనీ దాని సారాంశం.

కుళ్ళాయప్ప ఆ రాత్రి అన్నం తినలేదు. “మన పాములు ఎండనకా వాననకా కష్టపడి కరుస్తాంటే ఆ కాట్లన్నీ పోయి వంకాయలోళ్ళ లెక్కలో పడతాండాయి!” అని బాధపడ్డాడు. పైకి ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు ఫలించి, ‘కాటు యొక్క స్థానికతను నిర్ధారించిన పిమ్మటే మందు వాడవలెను’ అని తొర్రివేముల ఆస్పత్రికి ఉత్తర్వు పోయింది. అయినా నమ్మకం చాలక, కుళ్ళాయప్ప ఎంపీడీవోగారిని వెంటబెట్టుకుని రోజూ పొద్దున్నే పోయి తొర్రివేముల ఆస్పత్రి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతి కాటునూ నిలదీసేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్దిలేటిని కరిచింది.

వేరుశనగ పీకుతున్నారు. పదునుగా వానపడి నేల మెత్తగా ఉంది. పొద్దెక్కకముందే చాలు చివరికి వచ్చేశారు. చివర గట్టుంది. గట్టుకు ఇటు గులకమిట్ట, అటు తొర్రివేముల. పీకిన చెట్ల కట్టెను గట్టుమీద కుప్ప వేద్దామని మద్దిలేటి కాలు మోపాడు. కుక్కరు కూసినట్టు ఒక బుస వినిపించింది. అంతే.

ఓబులమ్మ పరిగెత్తి వచ్చేసరికి మడమ పైన రెండు గాట్ల నుంచి రక్తం కారుతోంది. పాము విచారణ కోసం ఆగలేదు.

“ఏమైందయ్యా?”

“పురుగు ముట్టిందే,” అన్నాడు మద్దిలేటి. తర్వాత పళ్ళు బిగించి, “తప్పు తప్పు, పురుగు అనగూడదు గదా. మండలం మాణిక్యం ముట్టింది,” అన్నాడు.

“నీ ఎకసెక్కాలు తగలెయ్య! కదలొద్దు, కూసో!” అంది ఓబులమ్మ. కూర్చోబెట్టి, దారినపోయే ఆటోకు అడ్డం పరిగెత్తింది.

ఆటో ఖాజాది. పల్లెలో పిల్లోడే, ఆమెను చిన్నమ్మా అంటాడు. వెనక సీటులో ఒక గోనెసంచి ఉంది. అందులో కోడిపెట్ట ఉంది. పొదుగుకొచ్చిన పెట్ట. తొర్రివేములలో వాళ్ళక్క గుడ్లు జమచేసుకుని పొదిగే కోడి లేక ఎదురుచూస్తోందని తీసుకుపోతున్నాడు. పొదుగుకొచ్చిన కోడికి ఎంత కోపమో కోళ్ళు సాకినవాళ్ళకు తెలుసు. దగ్గరికి పోతే పాములాగే బుస కొడుతుంది, చెయ్యి పెడితే కండ ఊడేట్టు పొడుస్తుంది. అది కదలకుండా కాళ్ళు కట్టి, ఊపిరాడేందుకు సంచికి బొక్కపెట్టాడు ఖాజా.

“యాడికి పోవాల చిన్నమ్మా? మన ఆస్పత్రికా?”

“మన ఆస్పత్రిలో ఏముందిరా, గోడమీద పింజర బొమ్మ తప్ప! తొర్రివేములకు పోనీ!”

దారిలో మద్దిలేటి కాలు మోకాలి దాకా ఉబ్బింది. ఒళ్ళు చెమటలు పట్టింది. ఎంగిలి ఊస్తే అందులో ఎర్రగా జీర కనపడింది. ఓబులమ్మకు అప్పుడు భయమేసింది. అంతవరకూ వేయలేదు.

“మందు పడితే ఏం గాదు. నువ్వు మాట్లాడ్తా ఉండు,” అంది.

“ఏం మాట్లాడాల?”

“నన్ను తిట్టు.”

“ఇప్పుడు గుర్తుకొస్తలేవే,” అన్నాడు మద్దిలేటి నీరసంగా.

తొర్రివేముల ఆస్పత్రి డాక్టరు కుర్రవాడు. పేరు విశ్వేశ్వర్. మంచివాడే గానీ ఉద్యోగం కొత్త. కాటును చూడగానే బల్లమీద పడుకోబెట్టి, సీసాలో రక్తం తీసి పక్కన పెట్టాడు. విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు, కడుతుందో లేదో చూడాలి. తర్వాత గోడకు అంటించిన ఉత్తర్వు వైపు దిగులుగా చూసి అడిగాడు.

“అమ్మా, కరిచిన పాము లోకలా, నాన్‌లోకలా?”

“నాన్‌లోకల్ సార్! మీ మండలందే. మీ గడ్డమీదనే కరిచింది.”

వరండాలోంచి గొంతు వచ్చింది. “ఆగమ్మా ఓబులమ్మా, ఆగు!”

కుళ్ళాయప్ప లోపలికి వచ్చాడు. వెనకే ఎంపీడీవోగారు. “యాడ కరిచింది?”

“గట్టుమీద సార్.”

“గట్టు ఎవురిది?”

“సగం మనది, సగం వీళ్ళది.”

“మద్దిలేటి కాలు ఏ సగంలో ఉండె?”

ఓబులమ్మ ఆలోచించకుండా చెప్పింది. “ఆ పక్క సగంలో. తొర్రివేముల సగంలో.”

“మరి పాము?”

“అదీ ఆడనే!”

“తోక?”

ఎంపీడీవోగారు అందుకున్నారు. “గమనించండి డాక్టరుగారూ. కాలు పొరుగు మండలంలో ఉన్నప్పటికీ, సదరు పాము తోక మా పరిధిలో ఉన్నట్లయితే, అది మా ఉపజాతి తన విధి నిర్వహణలో భాగంగా సరిహద్దు దాటి చేసిన కాటుగానే భావించవలసి ఉంటుంది.”

“సార్, మీ కాళ్ళు మొక్కుతా,” అంది ఓబులమ్మ. “మనిషి నోట్లో రక్తం వస్తాంది. ఏ పామైతే ఏమి సార్, మందు వేయనీండి.”

కుళ్ళాయప్ప నొచ్చుకున్నాడు. “నేను మద్దిలేటికి అన్యాయం చేస్తానామ్మా? రేప్పొద్దున ప్రత్యేక మందు వస్తే మొదటి సీసా మద్దిలేటికే. పేపర్లో ఫోటో వేయిస్తా. కానీ నీ స్వార్థం కోసం మన పింజర కష్టాన్ని వంకాయలోళ్ళకు రాసిస్తానంటే ఎట్లా? ఇది మన ఊరి ఆత్మగౌరవం.”

“ఆత్మగౌరవం ఉంటాది సార్, ఆయన ఉండడు!”

డాక్టరు సీసా ఎత్తి చూశాడు. రక్తం నీళ్ళలాగా అటూ ఇటూ కదిలింది. గడ్డకట్టలేదు. “సార్, టైము లేదు. వాదనలు వద్దు. మీరు నాన్‌లోకల్ అని ఒక్క మాట అనండి, ఇప్పుడే ఎక్కిస్తాను.”

“సాక్ష్యం లేకుండా నేనెట్లా అంటా?” అన్నాడు కుళ్ళాయప్ప. “పామును చూపించమను. పొడలు చూసి నేనే తేలుస్తా. మన పింజరైతే వెయ్యి పాముల్లో ఉన్నా గుర్తుపడతా.”

ఓబులమ్మ బల్లమీద మద్దిలేటిని చూసింది. కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. తిట్టమన్నా తిట్టేట్టు లేడు.

“పామే గదా సార్ కావల్సింది? ఉండండి, తెచ్చినా,” అంది.

బయటికి పోయి ఆటోలోంచి గోనెసంచి తీసుకొచ్చింది. మూతిని పిడికిట బిగించి పట్టుకుని, చేతులు చాచి, ఒంటికి దూరంగా మోసుకొచ్చింది. డాక్టరు బల్లమీద, స్టెతస్కోపు పక్కన, జాగ్రత్తగా దించింది. ఆ కుదుపుకు సంచి బుస్సుమంది.

డాక్టరు ఎప్పుడు కుర్చీ ఎక్కాడో ఎవరూ చూడలేదు. వరండాలో ఓపీ చీటీల కోసం నిలబడ్డ జనం గేటు దాటారు. ఎంపీడీవోగారు తలుపు వెనక్కి సర్దుకుని, అక్కడి నుంచి, “ఇది సంబంధిత శాఖ చూడవలసిన విషయం,” అన్నారు.

కుళ్ళాయప్ప మాత్రం కదల్లేదు. ఆయన్ని ఆ విషయంలో మెచ్చుకోవాలి. ఆయన ముఖంలో భయం లేదు, ప్రేమ ఉంది.

“ఇన్నారా ఆ బుస? ఎంత నిండుగా ఉందో! తొర్రివేముల పింజరలకు ఇంత గొంతు యాడిది? ఇది నూటికి నూరుపాళ్ళు గులకమిట్ట పింజర!” అన్నాడు. “సార్, ఎంపీడీవోగారూ! ఫోను తీయండి. ఒక ఫోటో కొట్టండి. జిల్లాకు పంపిద్దాం. మొదటి కాటు, సాక్ష్యాధారాలతో సహా!”

తలుపు సందులోంచి ఫోను పట్టుకున్న చెయ్యి బయటికి వచ్చింది. కుళ్ళాయప్ప భుజం మీది కండువా సరిచేసుకున్నాడు, నవ్వు పెట్టుకున్నాడు, కన్నబిడ్డ తలమీద పెట్టినట్టు కుడిచెయ్యి సంచిమీద పెట్టాడు. చూపుడువేలు సరిగ్గా బొక్క దగ్గర పడింది.

పెట్ట పొడిచింది.

ఆ అరుపు మైకు లేకుండానే తొర్రివేముల బస్టాండు దాకా వినిపించిందంటారు. “కరిచింది! వామ్మో, కరిచింది! డాక్టరూ! మందు! మందు తెండి!”

వేలిమీద రక్తం చుక్క పొడుచుకొచ్చింది. డాక్టరు కుర్చీ దిగలేదు. “సార్, మరి ఇది గులకమిట్ట పింజర అన్నారు కదా ఇందాక. మందు పనిచేయదు కదా.”

“ఎవుడన్నాడు పనిచేయదని?”

“మీరే సార్. తీర్మానం చేశారు.”

“తీర్మానం రద్దు!”

తలుపు వెనక నుంచి ఎంపీడీవోగారు గుర్తుచేశారు. “కోరం లేదు సార్.”

“నా పానం పోతాంటే కోరమంటావేందయ్యా! ఇది మామూలు పింజరే! వట్టి రక్తపింజర! ఊరందరి పాములాంటిదే! ఉపజాతీ లేదు, గిపజాతీ లేదు! ఆ ప్రొఫెసరు ‘బహుశా’ అన్నాడు, నా చెవులారా విన్నా!”

“రాసివ్వండి సార్,” అంది ఓబులమ్మ. మీటింగుల్లో కూర్చుని కూర్చుని ఆమెకు తెలిసిన సంగతి ఒకటే. ఆఫీసర్లు నోటితో అన్నది గాలికి పోతుంది. “రాసిస్తే గానీ డాక్టరుసారు వేయలేడు పాపం.”

కుళ్ళాయప్ప ఎడమచేత్తో ఓపీ చీటీ వెనకవైపు రాశాడు. గులకమిట్ట మండలంలోని పింజరలన్నీ సాధారణ రక్తపింజరలేననీ, వాటి కాటుకు ఎక్కడైనా, ఎవరికైనా మందు వేయవచ్చుననీ రాసి, సంతకం పెట్టాడు. ఎంపీడీవోగారు తన చేతిసంచిలోంచి సీలు తీసి, తలుపు వెనక నుంచే చెయ్యి చాచి గుద్దారు.

డాక్టరు కుర్చీ దిగి ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాడు. సీసా చేతిలో పట్టుకుని ఇటు చూశాడు, అటు చూశాడు.

“నాకు! నాకు!” అన్నాడు కుళ్ళాయప్ప.

ఓబులమ్మ అడ్డం నిలబడింది. “వరుసలో రాండి సార్. పామొకటే. ముందు కరిచింది మా ఆయన్ను.”

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనపడిందో గానీ, వెంటనే మద్దిలేటి చేతికి సెలైను ఎక్కించి మందు కలిపాడు. తర్వాత కుళ్ళాయప్ప రక్తం కూడా సీసాలో తీసి కిటికీలో పెట్టాడు. “గడ్డకడితే భయం లేదు సార్. కట్టకపోతే మీకూ ఎక్కిస్తాను. కాసేపు కదలకండి.”

కుళ్ళాయప్ప జీవితంలో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు. కిటికీలో సీసా మీంచి కళ్ళు తిప్పలేదు. డాక్టరు సీసాను తలకిందులు చేశాడు. రక్తం జున్నుముక్కలాగా గట్టిగా నిలబడింది.

“ఏం భయం లేదు సార్. అసలు విషమే లేదు.”

“లేదా? అదెట్లా లేకుండా పోతాది?” అన్నాడు కుళ్ళాయప్ప. కాస్త అవమానం కూడా కలిగింది ఆయనకు.

అప్పుడు బల్లమీది సంచి, ‘కొక్కొక్కో’ అంది.

గుమ్మంలో ఖాజా తల కనపడింది. “చిన్నమ్మా, చిన్నాయనకు ఎట్లుంది? నా కోడిసంచి యాడ పెట్టినావు? మా అక్క గుడ్లు చల్లబడతాయంట, ఫోన్లమీద ఫోన్లు చేస్తాంది.”

ఓబులమ్మ సంచి తీసి అతని చేతికిచ్చింది. “తీస్కపో నాయనా. పైలం, పొడుస్తాది.”

కుళ్ళాయప్ప ఎర్రబడ్డ వేలిని కండువాలో దాచుకున్నాడు. ఎంపీడీవోగారు తలుపు వెనక నుంచి బయటికి వచ్చి, అధ్యక్షులవారిని కరిచిన పాము పరారీలో ఉన్నట్టు నమోదు చేద్దామా అని మెల్లగా అడిగారు. “చేయండి,” అన్నాడు కుళ్ళాయప్ప అంతకన్నా మెల్లగా.

మద్దిలేటి మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కాలు ఉబ్బు తగ్గడానికి నెల పట్టింది గానీ మనిషి దక్కాడు. రెండోరోజు సాయంత్రం కళ్ళు తెరిచి, జావలో ఉప్పు లేదని ఓబులమ్మను తిట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కుళ్ళాయప్ప ఆ ఓపీ చీటీని వెనక్కి తీసుకోవడానికి చాలా ప్రయత్నాలు చేశాడు. కానీ ఉత్తర్వు రద్దు చేయాలంటే కారణం రాయాలి. అధ్యక్షులవారు పొరపాటున సంతకం చేశారని రాస్తే, ఏ పొరపాటు అని అడుగుతారు. పాము కాదని తెలిసిందని రాస్తే, మరి కరిచిందేమిటి అని అడుగుతారు. కోడి అని రాయడానికి ఎంపీడీవోగారికి చెయ్యి రాలేదు. ఫైలు అటూ ఇటూ తిరిగి తిరిగి ఎక్కడో ఆగిపోయింది. సీలుపడ్డ చీటీ మాత్రం చెల్లుతూనే ఉంది. మందు సీసాలు మళ్ళీ ఐసు పెట్టెలో గులకమిట్ట ఆస్పత్రికి చేరాయి. బస్టాండులో విగ్రహాన్ని ఎవరూ కదపలేదు. హుండీ బాగా నడుస్తోంది మరి.

గుడ్లన్నీ పిల్లలయ్యాక ఖాజా వాళ్ళక్క ఓబులమ్మ ఇంటికి రెండు కోడిపిల్లలను పంపింది. మద్దిలేటి అరుగు మీద కాలు చాపుకుని వాటిని తేరిపార చూస్తున్నాడు. ఒకదాని మెడ మీద ఈకల్లేవు. రెక్కల మీద ఎర్ర మచ్చలున్నాయి.

“ఏమే ఓబులమ్మా, ఇది మామూలు కోడిలాగా లేదే! మచ్చలు చూడు ఎంత ఒత్తుగా ఉండాయో. ఏ జాతి అంటావు?” అన్నాడు గట్టిగా.

ఓబులమ్మ వంటింట్లోంచి ఒక్క ఉరుకున వచ్చి అతని నోరు మూసింది. వీధి అటు చివరా ఇటు చివరా చూసింది.

“నోర్ముయ్యయ్యా సామీ! ఎవురన్నా ఇంటే దీనికీ ఉపజాతి పెడతారు. రేపట్నుంచి గుడ్డు తినాలన్నా తొర్రివేములకు పోవాల!”